పెన్సిల్‌లో లేని సీసం

పదేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఒకటే మాట. దాన్ని అనడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. ఎదురుగా ఉన్న మనిషి నమ్మడానికి అంత కూడా పట్టలేదు. ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకునే వీలు ఎన్నిసార్లు దొరికిందో చెప్పలేను, దొరికిన ప్రతిసారీ గొంతు సవరించుకుని, ఎండల గురించో ట్రాఫిక్ గురించో మాట్లాడి, టీ తెప్పించి, ఆ పూటకు గండం గడిచిందనుకుని ఊరుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పనిలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక గల్లీలో నాకు గిన్నెల దుకాణం ఉంది. అంత తెలిస్తే చాలు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేక మీకు చెబుతున్నానని అనుకుంటారు. నిజమే. అలసిపోయాను. దాచడం కూడా ఒక పనే. పొద్దున లేవగానే మొదలవుతుంది, దానికి ఆదివారం సెలవు కూడా లేదు.

మా తాతలది పోచంపల్లి పక్కన మగ్గాల ఊరు. నాన్న మగ్గం వదిలేసి పట్నం వచ్చి గిన్నెల వ్యాపారంలో దిగాడు. ఆయన తర్వాత దుకాణం నాకొచ్చింది. నా చెల్లెలు అనిత నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. పెళ్లయ్యాక బడంగ్‌పేట్‌లో ఉంటోంది. ఆమెకు ఒక్కతే కూతురు, నవ్య. ఈ కథంతా నవ్యది. నేను దానిలో ఏమిటో చివరికి మీరే చెప్పండి, లేదా చెప్పకండి.

స్టీలు వచ్చాక ఇత్తడిని అటకెక్కించిన జనమే కొన్నేళ్లకు మళ్లీ ఇత్తడి గిన్నెలు అడగడం మొదలుపెట్టారు. ఆరోగ్యమని ఎవరో టీవీలో చెప్పి ఉంటారు. నాకు మంచిదే. కానీ ఇత్తడిలో పులుపు వండాలంటే గిన్నె లోపల తెల్లటి పూత ఉండాలి, లేకపోతే చిలుమెక్కి వంట పాడవుతుంది. ఆ పూతే కళాయి. పూయాల్సింది తగరం. వట్టి తగరం.

దానికోసం మలక్‌పేట నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. అందరం చాచా అనేవాళ్లం. దుకాణం వెనకాల బొగ్గుల మీద గిన్నె కాల్చి, నవసాగరం పొడి చల్లి, తగరం కడ్డీ తాకించి, దూది గుడ్డతో ఒక్క చుట్టు తిప్పేవాడు. తెల్లటి పొగలోంచి గిన్నె మిలమిలలాడుతూ బయటికొచ్చేది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టేది కాదు. కళ్లు మసకబారాక ఆయన పని మానేశాడు. అప్పటికి చూసి చూసి నాకూ పని పట్టుబడింది.

కొన్నాళ్లు నేనూ తగరమే వాడాను. ఈ మాట ఎందుకు చెబుతున్నాను? మొదట్లో మంచివాణ్ణేనని మీకు చూపించుకోవడానికి కాబోలు. ఒకసారి పెళ్లివాళ్ల గిన్నెలు చాలా ఉన్నాయి, తగరం అయిపోయింది. ఎల్.బి.నగర్‌లో లారీల రేడియేటర్లు బాగుచేసే ఒకతను తెలుసు. అతని దగ్గర టంకం కడ్డీలు ఉంటాయి, అతుకులు వేసేవి. నాలుగు తెచ్చుకున్నాను. గిన్నెకు తాకించగానే వెన్నలా జారాయి. తగరం కంటే సులువు, తగరం కంటే చవక, మెరుపు కూడా ఇంకాస్త ఎక్కువే. ఆ తర్వాత తగరం కొనడమే తగ్గించేశాను.

ఒక మధ్యాహ్నం చాచా ఊరికే చూడడానికి వచ్చాడు. కడ్డీని కంటికి దగ్గరగా పెట్టుకుని, గోటితో గీరి చూశాడు.

“సేట్, గీ దాంట్ల సీసా ఉంటది. దీపం కుందులకు నడుస్తది. వండే గిన్నెలకు జర భీ వద్దు.”

ఆయన ఉర్దూలో సీసా అంటే సీసం. మనం సీసా అంటే బాటిల్. అర్థం కానట్టు నవ్వేసి ఆయనకు టీ చెప్పాను. అర్థమైంది. బాగా అర్థమైంది. మాట అర్థం కానట్టు నటించడం నాకు అక్కడే అలవాటైందేమో.

కొంచెమే కదా అనుకున్నాను. పలుచటి పూతే కదా, జనం రోజూ పీల్చే పొగలో ఇంతకంటే ఎక్కువ లేదా అనుకున్నాను. ఈ ఊళ్లో ఏది శుద్ధంగా ఉందని ఒక్క నా గిన్నె శుద్ధంగా ఉండాలి? ఇలాంటి వాదనలు నా దగ్గర బోలెడు. అడిగేవాడు లేనప్పుడు ప్రతి మనిషీ గొప్ప వకీలే.

అప్పుడే నవ్య పుట్టింది. మా ఇళ్లల్లో బిడ్డకు మొదటి ముద్ద తినిపించే ఉగ్గుగిన్నె మేనమామ తేవాలి. నేను చిన్న ఇత్తడి గిన్నె తెచ్చాను, ముక్కుతో, ముచ్చటగా ఉంది. దానితోపాటు అనితకు పప్పుచారు కాచుకోవడానికి ఒక గంజు. రెండింటికీ కళాయి నేనే వేశాను. ఏ కడ్డీతో వేశానో మీకు విడిగా చెప్పనక్కర్లేదు.

అప్పుడు చాచా మాట గుర్తుకు రాలేదా? ఎన్నిసార్లు అడుక్కున్నానో ఈ ప్రశ్న. గుర్తుకు వచ్చినా పక్కకు నెట్టానా, అసలు గుర్తే రాలేదా? గుర్తు రాలేదని రాయాలని ఉంది. రాస్తే మీరు నమ్ముతారు కూడా. కానీ ఒక సంగతి అడ్డం వస్తోంది. ఆ రోజుల్లో మా ఇంట్లో, నా భార్య వంటింట్లో ఉన్నవన్నీ స్టీలు గిన్నెలే. ఇత్తడి అమ్మేవాడి ఇంట్లో ఇత్తడి ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు.

ప్రతి దసరాకు ముందు అనిత ఆ గంజు పంపేది. ఏడాదిలో లోపలి పూత అరిగిపోయేది, నేను మళ్లీ వేసి పంపేవాణ్ణి. చెల్లెలి గిన్నె కదా అని ఇంకాస్త మందంగా వేసేవాణ్ణి. అరిగిన పూత ఎక్కడికి పోతుంది? చింతపులుసులోకి పోతుంది. పులుసు అన్నంలోకి, అన్నం పిల్ల నోట్లోకి. ఇంత చిన్న సంగతి ఆరేళ్లపాటు నా బుర్రకు తట్టలేదు. తట్టనివ్వలేదనాలేమో.

నవ్య అందంగా పెరిగింది. మాట కాస్త ఆలస్యంగా వచ్చింది. అప్పుడప్పుడు కడుపునొప్పి అనేది, అన్నం సరిగా తినేది కాదు. బడిలో వేశాక ఒకచోట కూర్చునేది కాదు. నిన్న చదివింది ఇవాళ కొత్తగా చూసేది. చిన్నదానికే కోపం తెచ్చుకుని పలక విసిరేసేది. పెద్దయితే సర్దుకుంటుందని అందరం అన్నాం. ఏ ఇంట్లో పిల్లలైనా ఇంతే కదా అనుకున్నాం.

ఏడో ఏట ఒక పిల్లల డాక్టరు రక్తపరీక్ష రాశాడు. ఆ రిపోర్టు పట్టుకుని అనిత తిన్నగా దుకాణానికి వచ్చింది. మెట్రో కోసం రోడ్డంతా తవ్వి ఉన్న రోజులు. ఆటో దూరంగా దిగి, దుమ్ములో నడిచి, నవ్యను బడి నుంచి అలాగే తీసుకుని వచ్చింది. పిల్ల స్టూలు మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. అనిత చేతిలో పిల్ల పెన్సిల్ డబ్బా, దాని కింద రిపోర్టు.

“అన్నా, గీ రిపోర్టు జర సూడు. డాక్టరు చెప్పింది నాకు సగమే సమజయింది.”

“ఏమన్నడు?”

“పిల్ల రక్తంల లెడ్ ఉన్నదంట. మస్తు ఎక్కువేం లేదంట, గని పిల్లలకు గంత గూడ ఉండొద్దంట. మెదడు మీద పడ్తదంట. ఇంట్ల ఏడికెళ్లి ఒస్తుందో సూస్కోమన్నడు.”

“ఏమేం అడిగిండు నిన్ను?”

“గోడల రంగు అడిగిండు, కండ్లకు పెట్టే సుర్మా అడిగిండు, బొమ్మలు అడిగిండు. గిన్నెల సంగతి గూడ అడిగిండు. మా అన్న దుకాణంల గిన్నెలే సార్, కళాయి గూడ మా అన్ననే ఏస్తడు, గవాటికి ఢోకా లేదని చెప్పిన.”

నేను రిపోర్టు చూస్తున్నాను. అక్షరాలు కనిపిస్తున్నాయి, చదవడం లేదు. వెనకాల బొగ్గుల దగ్గర టంకం కడ్డీలు గోడకు ఆనించి ఉన్నాయి. లేచి నిలబడితే ఆమెకు కనిపిస్తాయి.

“లెడ్ అంటే ఏందన్నా? తెలుగుల ఏమంటరు?”

సీసం అంటారు. రెండక్షరాలు. అవి అని ఉంటే అక్కడితో అయిపోయేది. ఆమె ఏడ్చేది, తిట్టేది, నా దుకాణం గడప మళ్లీ తొక్కేది కాదేమో. గంజు ఆ సాయంత్రమే చెత్తలోకి పోయేది. నా చూపు పెన్సిల్ డబ్బా మీద పడింది. అద్దంలాంటి మూతలోంచి చూస్తే అన్ని పెన్సిళ్ల వెనక చివరలూ కొరికి కొరికి పీచులు లేచి ఉన్నాయి.

“పెన్సిల్ల నల్లటి ముల్లు ఉంటది సూడు. గదే లెడ్. లెడ్ పెన్సిల్ అనే అంటరు గద.”

అనిత డబ్బా తెరిచి చూసింది. ముఖం మారిపోయింది.

“దినాం కొరుకుతదన్నా ఇది. ఎంత చెప్పినా ఇనదు.”

“గదే అయుంటది,” అన్నాను.

మొదటి మాట భయంలో వచ్చిందని నన్ను నేను సముదాయించుకోవచ్చు. ఈ రెండో మాట భయంలో రాలేదు. ఇది నెమ్మదిగా, ఆలోచించి, అన్నగా అన్నాను. స్టూలు మీద కాళ్లు ఊపుతున్న పిల్ల ఊపడం ఆపేసింది. తన గురించే మాట్లాడుకుంటున్నామని ఆమెకు అర్థమైంది.

పెన్సిల్‌లో ఉండేది సీసం కాదని నాకు తెలుసు. అది ఒక రకం బొగ్గు, పేరుకే లెడ్. పెన్సిల్ మీది రంగులో సీసం ఉండొచ్చు కదా, నేను చెప్పింది పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు కదా అని తర్వాత చాలా రోజులు వెతుక్కున్నాను. మనిషి ఎంత చిన్న సందులోనైనా దూరగలడు.

ఆ సాయంత్రమే నవ్యకు దెబ్బలు పడ్డాయి. పెన్సిళ్ల చివర్లకు వేపనూనె రాశారు. చేదు భరించి కూడా కొరికితే మళ్లీ దెబ్బలు. బడిలో టీచరుకు చెప్పి పిల్ల మీద కన్నేసి ఉంచారు. నాలుగో రోజు నేను బడంగ్‌పేట్ వెళ్లాను. గంజు అడుగు పగులిచ్చినట్టుంది అని చెప్పి తెచ్చేసుకున్నాను, బదులు కొత్త స్టీలుది ఇచ్చాను. అటక మీది ఉగ్గుగిన్నె కూడా తెచ్చేశాను, జ్ఞాపకంగా దాచుకుంటానని. అనిత కళ్లలో నీళ్లు తిరిగాయి, మేనకోడలంటే అన్నకు ఎంత ప్రేమ అని.

వచ్చేస్తుంటే నవ్య గేటు దాకా వచ్చింది. నా వేలు పట్టుకుంది.

“మామా, నేను ముల్లు మింగలె. కట్టెనే కొరికిన.”

ఈ లోకంలో ఆ పిల్ల తప్పేమీ లేదని తెలిసిన మనిషి నేనొక్కణ్ణే. పిల్ల సరిగ్గా నా దగ్గరికే వచ్చి చెప్పుకుంది. నేను ఆమె తల నిమిరి, “సరేలే బిడ్డా, ఇంక కొరకకు,” అని బండి స్టార్ట్ చేశాను.

ఆ తర్వాత జరిగింది వింటే మీకు నవ్వు రావచ్చు. నాకు రాలేదు. కొన్ని నెలలకు మళ్లీ పరీక్ష చేయిస్తే లెడ్ తగ్గింది. ఎందుకు తగ్గిందో నాకు తెలుసు, గంజు పోయింది కాబట్టి. అనితకు కూడా తెలుసు, పెన్సిళ్లు మానిపించింది కాబట్టి. నోట్లో పెట్టుకునే అలవాటు మానిపించామని ఆమె అంటే డాక్టరు మంచి పని అన్నాడట, ఏం పెట్టుకునేదో అడగలేదట. నా అబద్ధానికి రిపోర్టే సాక్ష్యం చెప్పింది. అనిత మిఠాయి డబ్బా పట్టుకుని దుకాణానికి వచ్చింది. నువ్వు చెప్పకపోతే మాకెట్ల తెలుస్తుండె అన్నా అంది. ఆ మిఠాయి తిన్నాను.

టంకం కడ్డీలు ఆ వారమే పారేశాను. పాత గిన్నెలు తెస్తే ఉచితంగా కళాయి వేస్తామని దుకాణం ముందు బోర్డు పెట్టాను. కారణం మాత్రం రాయలేదు. కొందరు తెచ్చారు, నేను గీకి మంచి తగరం వేసి ఇచ్చాను, వాళ్లు చల్లగా ఉండమని దీవించి వెళ్లారు. మిగతావాళ్లు రాలేదు. హయత్‌నగర్ నుంచి, ఇంకా అవతల నుంచి వచ్చి కొనుక్కుపోయిన వాళ్లున్నారు. వాళ్ల ఇళ్లల్లో పిల్లలు ఎందరో, ఎంత చారు తాగారో, నాకు తెలియదు. నవ్య ఒక్కతే నా కళ్లముందు పెరిగింది. అంతే తేడా.

సీసం గురించి చదివాను. చదవకుండా ఉండాల్సింది. పిల్లల విషయంలో ఇంత వరకు పర్వాలేదు అని చెప్పగలిగే మోతాదు లేదట. పైకి రోగంలా కనబడదట. కాస్త మరుపు, కాస్త చిరాకు, కాస్త నిలకడ లేకపోవడం. రక్తంలో తగ్గినా ఎముకల్లో దాక్కుంటుందట. చిన్న వయసులో మెదడుకు జరిగింది మాత్రం వెనక్కి రాదట. ఒక పిల్లను చూపించి, ఇది ఇందువల్లే అని ఎవరూ వేలెత్తి చెప్పలేరట.

ఈ చివరి మాటే నన్ను ఇన్నేళ్లు నిలబెట్టింది. ఎవరూ చెప్పలేరు. నవ్య మతిమరుపు పుట్టుకతోనే ఉందేమో. వాళ్ల నాన్న వైపు నుంచి వచ్చిందేమో. రక్తం తక్కువ ఉండడం వల్లనేమో. గంజు లేకపోయినా ఇలాగే ఉండేదేమో. ఉండేదా? నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. తెలియకపోవడం నాకు అనుకూలంగా ఉంది కాబట్టి దాన్ని పట్టుకుని వేలాడాను, ఆ పిల్ల మాత్రం తెలిసిందనుకున్న దాన్నే మోసింది.

ఎందుకంటే మా ఇంట్లో పెన్సిల్ ఒక కథ అయిపోయింది. పెళ్లిళ్లలో, బోనాలప్పుడు, నలుగురు చేరితే చాలు, ఎవరో ఒకరు తీసేవాళ్లు. పెన్సిళ్లు తిన్న పిల్ల అనేవాళ్లు. మార్కులు తక్కువ వస్తే పెన్సిల్, తాళం మరిచిపోతే పెన్సిల్. నవ్య కూడా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వును తలుచుకుంటే నా ముఖం మీద నాకే అసహ్యం.

ఇప్పుడు నవ్యకు పదిహేడేళ్లు. పది రెండోసారి రాసి పాసైంది. దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఇంటర్ చదువుతోంది. క్లాసు అయ్యాక బడంగ్‌పేట్ బస్సు వచ్చేదాకా నా దుకాణంలో కూర్చుంటుంది. నెల క్రితం అలాగే కూర్చుని సివిక్స్ పుస్తకంలో ఒక పేరా చదువుతోంది. పైకి చదువుతోంది, నాలుగుసార్లు చదివింది. చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో పోతోంది. ఐదోసారి మొదలుపెట్టి ఆపేసింది. పుస్తకం మూసింది.

“నేనే గద మామా. చిన్నప్పుడు పెన్సిళ్లు తిని నా బుర్ర నేనే ఖరాబ్ చేస్కున్న. ఇప్పుడు ఎవల్ని అని ఏం లాభం?”

ఏడవలేదు. బస్సు ఇవాళ లేటు అన్నట్టు అంది. బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది.

నేను అక్కడే కూర్చున్నాను. ఎవరో వచ్చి స్టీలు డబ్బాలు అడిగారు, లేవన్నాను. డబ్బాలు నా వెనకాలే ఉన్నాయి. గిన్నె వల్ల ఆమెకు ఎంత నష్టం జరిగిందో ఎవరూ చెప్పలేరు, సరే. కానీ ఈ రెండో నష్టం ఎవరి వల్లో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. తన బుర్రను తనే పాడుచేసుకున్నానని ఒక పిల్ల పదేళ్లుగా నమ్ముతోంది. అది సీసం చేయలేదు. నా నోరు చేసింది.

మరి నెల రోజులు ఎందుకు ఆగావని అడగండి. ఇన్నేళ్లు ఆగినవాడికి నెల ఎక్కువా? అనిత ముఖం గుర్తొచ్చేది. సార్, మా అన్ననే కళాయి ఏస్తడు అని ఆమె డాక్టరుకు చెప్పిన తీరు గుర్తొచ్చేది. నాకు ఉన్నది ఒక్క చెల్లెలు. ఇది చెప్పాక ఉండదు. ఉండాలని అడిగే ముఖం నాకు లేదు.

నవ్యకు ఒక కాగితం రాశాను. పెద్ద వాక్యాలు ఆమెకు కష్టం, అందుకని చిన్నగా రాశాను. చిన్నగా రాస్తే దాక్కోవడానికి చోటుండదని అప్పుడు తెలిసింది. మీకు రాసిన ఈ పొడుగు వాక్యాల్లో అక్కడక్కడా దాక్కున్నాను, మీరు గమనించే ఉంటారు. ఆ కాగితంలో ఇంతే ఉంది.

నవ్యా, పెన్సిల్‌లో సీసం ఉండదు. నువ్వు ఏ తప్పూ చేయలేదు. నేను కళాయి వేసిన గిన్నెల్లో సీసం ఉంది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసి మీ అమ్మకు అబద్ధం చెప్పాను. నిన్ను కొట్టించింది నేను.

రాశాక గుండెల్లో బరువు కాస్త తగ్గినట్టుంది. నాకు దక్కాల్సింది కాదది, అయినా తగ్గింది, అబద్ధం చెప్పలేను. క్షమించు అని చివర్లో రాసి, కొట్టేశాను. ఆ మాట రాస్తే ఆమెకు మళ్లీ ఒక పని అప్పజెప్పినట్టవుతుంది.

ఇంకాసేపట్లో ఆమె క్లాసు అయిపోతుంది. కాగితం బల్ల మీద పెట్టాను. ఆమె నెమ్మదిగా చదువుతుంది, ఒక్కో వాక్యం రెండేసిసార్లు చదువుతుంది. అంతసేపూ ఎదురుగా కూర్చుంటాను.